నయమైన మేనల్లుడు

గొంతులో కణితితో ఉన్న అన్నయ్యను ఆమె తన ల్యాబుకి తీసుకెళ్లింది. కంటికి ఆననంత సన్నని బంగారు రేణువుల్ని ఎలుక ఒంట్లోకి ఎక్కించి, కణితి మీద ఎర్రని వెలుగు పెడితే అవి వేడెక్కి కణితిని మాత్రమే మాడ్చేస్తాయని చెప్పింది. ఒక బోనులో ఎలుక గింజలు కొరుకుతోంది. దాని వీపు మీద కణితి పోయి మచ్చ మిగిలింది.

"నువ్వు పెంచావు కాబట్టి వీడు నాకు మేనల్లుడే," అని అన్నయ్య బొంగురుగా నవ్వాడు. చాలాకాలం తర్వాత ఆరోజు బతిమాలించుకోకుండా అన్నం తిన్నాడు.

మర్నాడు ఆమె ఆ ఎలుకను చంపి కోసింది. ఒంట్లో ఏం మిగిలిందో చూడాలంటే వేరే దారి లేదు. కాలేయం నిండా బయటికి పోని రేణువులే ఉన్నాయి. దాంతో మనుషుల మీద పరీక్ష వాయిదా పడింది.

ఆదివారం ఇంటికెళ్తే అన్నయ్య మొదట అడిగింది దాని గురించే. "మేనల్లుడెలా ఉన్నాడే?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గానీ ఆమె నిజమే చెప్పింది.

"నయమైనవాణ్ణి చంపేశావా?"

"అందుకే పెంచుతాం అన్నయ్యా."

"మరి నాకెప్పుడు?"

"ఈ ఏడు కాదు."

వచ్చే ఏడు అతనికి లేదని ఇద్దరికీ తెలుసు.

"నాకంటే వాడే నయం. ఒక పూటైనా రోగం లేకుండా బతికాడు." లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. "ఇంక నువ్వు రాకు."

అతను పోయిన కబురు వదిన ఆమెకు అంత్యక్రియలు అయ్యాకే పంపింది.