మణికట్టు మీద కూనిరాగం

దర్జీ రోజూ పెందలాడే షాపుకొచ్చి, మిషనుకు నూనె వేసి, లోపలి గదిలో కూర్చునేది. ఆమె ఒంటి మీది గడ్డలు కూనిరాగాలు తీస్తాయి. ముందు గదిలో ఉంటే కస్టమర్లకు బేరం వినపడదని యజమాని బాధ. ఇంటి పక్కవాళ్ళు నిద్రపట్టనప్పుడు గోడ తట్టి, "కాస్త దుప్పటి కప్పుకోమ్మా" అనేవాళ్ళు.

ఆ గడ్డలు నాన్న నుంచి వచ్చినవి. ప్రాణానికి ముప్పు లేనివి. "నరాల చుట్టూ ఉండే కణాలకు పెరగమని కబురు అందరి ఒంట్లోనూ వస్తుందమ్మా. ఇక చాలని ఆపే పదార్థం మీ వంశంలో తక్కువ పుడుతుంది," అని డాక్టరు విడమరిచి చెప్పాడు.

ఈ ఏడు కుడి మణికట్టు మీది గడ్డ నరాన్ని నొక్కడం మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కి కత్తెర జారిపోతోంది. గడ్డ తీయించుకుంటేనే చెయ్యి దక్కుతుంది. దానికి రక్తసంబంధీకుల సంతకం కావాలంది ఆస్పత్రి. నాన్న పోయాడు. ఒక్కగానొక్క అన్నయ్య పాతికేళ్ళ కిందట తన గడ్డలు చొక్కా కింద దాచుకుని, చెల్లెలు పక్కనుంటే గుట్టు రట్టవుతుందని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. రెండు నెలలుగా ఆస్పత్రివాళ్ళిచ్చిన సంతకం కాగితం బీరువాలోనే ఉంది. నా అన్నవాళ్ళు ఒక్కరూ లేరే అని దర్జీకి తింటూ తింటూ ఏడుపొచ్చేది.

ఒకరోజు, ఊళ్ళో ఏదో ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. వీపు కొలుస్తుంటే టేపు కింద సన్నగా రాగం మోగింది. దర్జీ చెయ్యి ఆగిపోయింది. అది నాన్న భుజం మీది గడ్డ పాడిన రాగమే. చివర్లో శ్రుతి తప్పడం కూడా అచ్చం అలాగే.

"సారీ అండీ," అమ్మాయి ముడుచుకుపోయింది. "ఈ మధ్యే మొదలైంది. మా నాన్న చొక్కాలోంచీ ఇదే వినిపిస్తుంది. అడిగితే రేడియో అంటాడు. మా ఇంట్లో రేడియోనే లేదు."

దర్జీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి. కుడి చేతి మీది బట్ట పైకి లాగింది. మణికట్టు మీది గడ్డ ఆ రాగాన్నే అందుకుంది.

"మీకెలా వచ్చింది ఇది?"

"మీ తాత నుంచి."

అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. "నా ఒక్కదానికే ఉందనుకున్నా. నాన్న తనకుందనీ చెప్పలేదు, మీరున్నారనీ చెప్పలేదు."

"భయపడ్డాడు తల్లీ. నాకు కోపం లేదని అనను. చాలా ఉంది."

ఇద్దరూ ఆ పూటంతా మాట్లాడుకున్నారు. కోటు కొలతలు సగంలోనే ఉండిపోయాయి.

మరుసటి వారం ఆస్పత్రి వరండాలో అమ్మాయి కాగితం మీద సంతకం పెడుతుంటే నర్సు అడిగింది, "పేషెంటుకు మీరేమవుతారు?"

"మేనకోడల్ని. నాకూ ఉంది," అంది అమ్మాయి, వరండా అంతా వినపడేలా.