ఫహ్మీదా గుట్ట

కొత్వాల్‌గూడ దగ్గర ఫహ్మీదాకు తండ్రి ఆస్తిలో వాటాగా వచ్చిన మూడెకరాలున్నాయి. భూమి అనడమే గాని, నాగలి దిగని బండరాళ్ళ గుట్ట, సీతాఫలం పొదలు, వానలకు నిండే ఒక మడుగు. పైన విమానం దిగినప్పుడల్లా కింద నెమళ్ళు పోటీపడి అరుస్తాయి. ప్లాట్లు చేసేవాళ్ళు వారానికొకరు వస్తారు. ఆమె చాయ్ పోసి పంపుతుంది, సంతకం మాత్రం పెట్టదు.

భర్త పోయాడు, పిల్లలు లేరు. తన తర్వాత ఆ గుట్టను ఎవరూ ముట్టకూడదని ఐదేళ్ళ కిందటే వీలునామా రాసింది. వారసుడు తమ్ముడు ఇబ్రహీం ఒక్కడే. తనకు సమ్మతమేనని అతనూ కింద సంతకం చేశాడు. అప్పటినుంచి ఆమె హాయిగా నిద్రపోయింది. ఆ నిద్రను రాజేంద్రనగర్ వకీలు శ్రీలత ఒక్క పూటలో చెడగొట్టింది.

"మీ ముస్లింల చట్టంల వీలునామాతోని మూడో వంతే ఇయ్యొచ్చమ్మా. మిగతాదానికి వారసుడు ఒప్పుకోవాలె."

"ఒప్పుకున్నడు గద! సంతకం చూడుండ్రి."

"మీరు బతికుండంగ ఒప్పుకుంటే చెల్లది. మీరు పోయినంక ఒప్పుకోవాలె."

"ఇగ దారేంది?"

"ఇప్పుడే ట్రస్టుకు రాసియ్యాలె. అమ్మొద్దు, కట్టొద్దు అని షరతులు పెడదం. రిజిస్ట్రీ అయినంక మీకే అవసరం పడ్డా గజం అమ్మనీకి రాదు."

ఆ చివరి మాట ఫహ్మీదాను ఇంటిదాకా వెంటాడింది. రేపు మంచాన పడితే? దవాఖాన ఖర్చు ఎవరు పెడతారు? అయినా సొంత తమ్ముడు మాట తప్పుతాడా? వకీళ్ళకు లోకమంతా దొంగలే అని తిట్టుకుంది. తిట్టినా కాలు నిలవలేదు. బీపీ గోలీ వేసుకున్నదీ లేనిదీ గుర్తులేదు. మూడో రోజు పొద్దున్నే తొండుపల్లిలో ఇబ్రహీం వెల్డింగ్ దుకాణానికి పోయింది.

"నేను పోయినంక మళ్ళ సంతకం పెడ్తవా?"

పెడతానంటే చాలు, వెనక్కి తిరిగి పోదామని ఆమె ఆత్రం. అతను వెల్డింగ్ ఆపి కళ్ళద్దాలు తీశాడు.

"ప్లాట్లోళ్ళు మొన్న నా దగ్గరికి గూడ వచ్చిన్రు ఆపా. పొమ్మనలే. రేటు అడిగిన."

ఆమెకు కోపం రావాలి. తమ్ముడి ముఖం చూస్తే జాలే వచ్చింది.

"నువ్వు లేనప్పుడు నేనెట్లుంటనో నాకే తెల్వది. నన్ను నమ్మకు. జల్ది రాసెయ్. సాక్షి సంతకం నేనే పెడ్త."

వారం తిరిగేసరికి కాగితాలు సిద్ధమయ్యాయి. రిజిస్ట్రీ ఆఫీసులో అక్క వేలిముద్ర పడేదాకా ఇబ్రహీం ఒకచోట నిలవలేదు. ముద్ర పడ్డాక, అందరూ చూస్తుండగానే గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఫహ్మీదా అతని చెయ్యి పట్టుకుంది గాని, ఎందుకని అడగలేదు.