మల్లన కూతురి పేరు

తప్... తప్... తప్...

తడి కాగితం మీద కుంచె దెబ్బ. కాగితం కింద రాయి. రాతిలో అక్షరం.

అక్షరం కాగితంలోకి మెల్లగా లేస్తుంది — నీళ్లలో చేప వీపు లేచినట్టు.

సమ్మయ్యకు ఆ చప్పుడంటే ప్రాణం. చదువు రాదు. యూనివర్సిటీలో చరిత్ర శాఖ అటెండరు. ఇరవై ఏళ్లుగా అడవుల్లో, కొండకోటల్లో, కూలిన గుళ్లలో సోమయాజులు సారు శాసనాలు చదివితే, వాటికి అచ్చు తీసిన చెయ్యి అతనిది. రాయి కడుగుతాడు. తడి కాగితం పరుస్తాడు. కుంచెతో కొడతాడు. సిరా గుడ్డ అద్దుతాడు. రాయి నల్లగా దిగుతుంది, అక్షరాలు తెల్లగా దిగుతాయి.

చదవడం సారు పని.

కోతలు కోయడం సమ్మయ్య పని.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూచుని అతను మొదలుపెడితే, గంట కొట్టినా ఎవరూ లేచేవారు కాదు.

"ఏనుగుగుట్ట కోటల కేకేస్తే జవాబు అప్పుడే రాదు బిడ్డా. తెల్లారి వస్తది. నేను 'చాయ్' అని ఒర్రిన. తెల్లారి లేచేసరికి గుట్ట అడుగుతున్నది — 'ఎన్ని?' అని."

"కోట ఎంత ఎత్తుంటది సమ్మయ్యా?"

"మౌలాలి గుట్టలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టు. పైన నన్ను నిలబెట్టు. నా టోపీ తాకేకాడ మొదటి దర్వాజ."

ఇప్పుడు సారు రిటైరయ్యారు. తార్నాకలో ఇల్లు, వరండా, పడక కుర్చీ. నీటికాసుల జబ్బు రెండు కళ్లనూ తీసుకుపోయింది.

చూపు పోయింది. ఒక రాయి మాత్రం కళ్లలోంచి పోలేదు.

నల్లమలలో, ఏనుగుగుట్ట కోట కింద, పైకప్పులోంచి తునికి చెట్టు మొలిచిన గుడి. గుడి ముందు విరిగిన శాసనం. పైముక్క ఒక్కటే దొరికింది. 'ఈ గుడి కట్టించినది ఆవులు కాసే మల్లన కూతురు...' అక్కడ విరిగింది. పేరు కింది ముక్కలో ఉండిపోయింది. కింది ముక్క అడవిలో ఎక్కడో ఉండిపోయింది.

రాజుల పేర్లు వందలు చదివారు సారు. ఆ ఒక్క పిల్ల పేరు చదవలేదు.

"ఏమై ఉంటుందోయ్ ఆ పిల్ల పేరు?" అని రోజూ అడిగేవారు.

సమ్మయ్య రోజుకో పేరు పెట్టేవాడు. సోమవారం రాజమ్మ. మంగళవారం పోశమ్మ. ఆదివారం సెలవు.

"మల్లనకు ఎంతమందిని కన్నావోయ్!" అని సారు కడుపు పట్టుకుని నవ్వేవారు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది చలికాలంలో, ఆ అడవి అంచు ఊరి విద్యార్థి ఒకడు కబురు తెచ్చాడు. వాగులో ఒక రాతిపలక ఉందట. పై అంచు విరిగి ఉందట.

సారు సమ్మయ్య చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్కసారి వెళ్లి రావోయ్. కళ్లు లేకపోతేనేం, వేళ్లున్నాయి. ఆ పిల్ల పేరు ముట్టుకుని పోతాను."

ముట్టుకుని పోతాను...

ఆ మాటకు సమ్మయ్య దగ్గర కోత లేదు.

కాచిగూడలో రైలు. జడ్చర్లలో బస్సు. ఆ తరవాత కాళ్లు.

అడవి మంచులో తేలుతోంది. చెట్ల తలలు ముందొచ్చి, మొదళ్లు ఇంకా రానట్టున్నాయి. కోట గోడల సందుల్లో సీతాఫలం చెట్లు. రాజు కూచున్న చోట ఉడత కూచుంది. దర్వాజ ఉంది, తలుపులు లేవు. గాలి మాత్రం అలవాటు కొద్దీ ఆగి, అడిగి, లోపలికి పోతోంది...

సమ్మయ్య బురుజు ఎక్కి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"నీ పేరేందమ్మా?"

అమ్మా... అమ్మా... అంది లోయ. అంతే.

గుడి దగ్గర ముసలి గొల్ల బుచ్చిరాములు దొరికాడు. వాగు దాకా తీసుకుపోయి రాతిని చూపించాడు.

అదే రాయి. విరిగిన అంచును సమ్మయ్య అరచెయ్యి గుర్తుపట్టింది.

అక్షరాలుండాల్సిన చోటంతా నున్నగా ఉంది.

"మా తాతల కాలంకెళ్లి గొడ్డండ్లు ఈడనే నూరుతం," అన్నాడు బుచ్చిరాములు, మనవడిని చూపించినంత సంబరంగా. "ఇంత పదును ఇంకే రాయీ ఇయ్యది. ఇగో, ఈ గుంటల ఉప్పుకారం నూరుకుంటం. నువ్వు తిన్నవా?"

సమ్మయ్య తిన్నాడు. కారం నాలుకకు అందిందో లేదో తెలియలేదు.

తరవాత రాయి కడిగాడు. కాగితం పరిచాడు. ఏం అచ్చు తీస్తున్నాడో తెలియదు. చేతికి మాత్రం వేరే అలవాటు లేదు.

తప్... తప్... తప్...

నల్లగా దిగింది. మధ్యలో గొడ్డళ్ల రాపిడి, వాగుపాయల్లా తెల్లగా. ఒక మూల — గుండ్రంగా, చిన్నగా — ఉప్పుకారం గుంట.

దారంతా అబద్ధాలు తోడొచ్చాయి. అడవిలో ఒకటి, బస్సులో రెండు, రైల్లో పది. 'పేరు దొరికింది సారూ' అనేది అన్నింటికన్నా చిన్నది. అన్నింటికన్నా బరువైంది. విద్యానగర్ దాటేసరికి అన్నింటినీ కిందకు దింపేశాడు. ఈ ఒక్కసారి ఉన్నదే చెప్పాలి.

తార్నాక వరండాలో ఎండ పడింది. సారు తెల్ల చొక్కా వేసుకుని కూచున్నారు, పెళ్లిచూపులకు కూచున్నట్టు.

"వచ్చావా! ఏముందోయ్ రాతిలో?"

సమ్మయ్య కాగితం చుట్ట విప్పాడు. 'ఏమీ లేదు' అనడానికి నోరు రాలేదు. అంతకన్నా చిన్న మాట వెతికాడు.

"సున్న, సారూ."

సారు ముఖం వెలిగిపోయింది.

"సున్నా ఉందా!"

"అట్లగాదు సారూ, సున్న అంటే—"

"నాకు చెప్తావుటోయ్ సున్నా అంటే! పేరులో సున్నా ఉందన్నమాట. గంగమ! రంగమ! సింగమ! ఏదీ, కాగితం ఇలా ఇవ్వు."

చదువుకున్నవారికి సున్నా అక్షరం పక్కన నిలబడేది. సమ్మయ్యకు సున్న అంటే ఏమీ లేకపోవడం. ఆ రెంటి మధ్య వరండాలో కాగితం గాలికి కదిలింది...

సారు వేళ్లు కాగితం మీద నడిచాయి. కోట మెట్లు ఎక్కినట్టు మెల్లగా. గొడ్డలి గీతలు దాటాయి. మూలకు వెళ్లాయి. ఆగాయి.

"ఇదిగో."

ఉప్పుకారం గుంట చుట్టూ వేలు తిరిగింది. ఒకసారి. మరొకసారి. గుడి చుట్టూ తిరిగినట్టు.

"ఇదిగోనోయ్ నా తల్లి... దీని పక్కన ఏముంది? నా వేలికి అందడం లేదు."

"సారూ... అది గొల్లోళ్ల ఉప్పుకారం గుంట. రాతి మీద గొడ్డండ్లు నూరిండ్రు. అక్షరమే లేదు."

సారు పకపకా నవ్వారు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

"అడవి దాకా పోయినా కోతలు మానలేదు నువ్వు! పేరు దాచి ఏడిపిస్తున్నావు కదూ?"

నవ్వు తగ్గింది. వేలు మాత్రం అక్కడే ఉంది.

"సమ్మయ్యా... ఈ ఒక్కటీ నిజం చెప్పవోయ్."

ఇరవై ఏళ్లలో సారు అతన్ని నిజం అడగడం ఇదే మొదలు. చెప్పిన నిజం వరండాలోనే ఉంది — ఎవరూ కూచోమనని చుట్టంలా.

వెనక దొడ్లో పనిమనిషి అమృతమ్మ బట్టలుతుకుతోంది.

"రేపు చెప్తా సారూ," అన్నాడు సమ్మయ్య. "కోటల కేకేసి అడిగొచ్చిన. జవాబు తెల్లారి గదా వచ్చేది."

సారు తల ఊపారు. కుర్చీలో వెనక్కి వాలారు. తెల్లారడానికి అప్పుడే ఎదురుచూస్తున్నట్టు.

తప్... తప్... తప్...

దొడ్లో, తడి గుడ్డ కింద రాయి.

వేలి కింద సున్న.