తొట్టిలో లేని నీళ్ళు

స్టోర్‌కీపరు చేతిసంచిని మేనేజరుగారు అందరి ఎదుటా బల్లమీద బోర్లించారు. దువ్వెన, ఇంటి తాళంచెవి, కూతురి చిన్న స్వెట్టరు బయటపడ్డాయి. పోయిందన్న సరుకు మాత్రం కనిపించలేదు.

ఆసుపత్రులలో తీసిన రక్త నమూనాలను దూరపు ప్రయోగశాలలకు చేరవేసే సంస్థ అది. నమూనాలు చెడకుండా వాటి చుట్టూ డ్రై ఐసు పేర్చి పంపుతారు. సాయంత్రం స్టోర్‌కీపరు ఆ ఐసుతో నింపి మూసి వెళ్ళిన పెట్టె ఉదయానికి వెలితిపడి ఉంది. స్టోరు తాళం ఆమె ఒక్కతె దగ్గరే ఉంటుంది.

మేనేజరుగారు ఈ మధ్యనే చేరారు. అంతకుముందు ఉద్యోగమంతా మామూలు ఐసు ఫ్యాక్టరీలో గడిపిన మనిషి. అక్కడ దిమ్మెల కింద తొట్టి పెట్టి, ఉదయాన్నే అందులోని నీళ్ళు కొలిచి, తరిగిన ఐసుకు సరిపోతేనే కాపలావాణ్ణి ఇంటికి పంపేవారు. ఆ పద్ధతి ఆయనకు ఎంత ప్రాణమంటే, ఇక్కడి పెట్టె కింద కూడా రాగానే తొట్టి పెట్టించారు. పనివాళ్ళు చాటున ఆయనను ‘తొట్టి సారు’ అనేవారు.

“కరిగితే నీళ్ళుండాలి కదమ్మా? ఏవీ?” అన్నారాయన పొడి తొట్టిని చూపిస్తూ. “ఐసూ లేదు, నీళ్ళూ లేవు. గాల్లో కలిసిపోయిందా?”

“అవును సార్. గాల్లోనే కలిసిపోయింది.”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“విన్నారా, ఎంత తేలిగ్గా చెబుతోందో! ఇదిగో అమ్మాయ్, మధ్యాహ్నంలోగా దొంగతనం ఒప్పుకో. ఉద్యోగం పోయినా పోలీసులదాకా పోకుండా చూస్తాను.”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. రసాయన శాస్త్రం చదివి, ఈ స్టోరును ఇల్లులా చూసుకుంటున్న తనకా ఈ మాట!

“దీన్ని దొంగిలించి ఏం చేసుకోను సార్? ఇంటికి చేరేసరికి ఖాళీ సంచే మిగులుతుంది. మామూలు ఐసు ఘనం. కరిగితే ద్రవం, అంటే నీళ్ళు. ఆ తర్వాతే ఆవిరి. ఇది నీళ్ళతో చేసింది కాదు, కార్బన్ డయాక్సైడు వాయువును గడ్డకట్టించింది. మామూలు గాల్లో ఇది ద్రవం కానే కాదు. ఘనం నుంచి నేరుగా వాయువే.”

“నాకు పాఠాలు చెప్పకు. నీళ్ళు కాకుండా మాయమయ్యే ఐసు నా సర్వీసులో చూడలేదు.”

“అయితే ఇప్పుడు చూడండి. మీరే కాపలా ఉండండి.”

ఆమె తక్కెడ తెప్పించింది. థర్మోకోల్ పలకమీద డ్రై ఐసు ముక్క పెట్టి తూచి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. మేనేజరుగారు కుర్చీ లాక్కుని తక్కెడ ఎదుటే కూర్చున్నారు. తెల్లని పొగ పలక అంచులమీదుగా జారుతోంది. తక్కెడ ముల్లు మెల్లమెల్లగా తక్కువ బరువువైపు జరగసాగింది. ఆయన పలకను తడిమి చూశారు. తడి లేదు. కిందికి వంగి చూశారు. అక్కడా లేదు.

“సార్, ఎవరూ ఎత్తుకుపోలేదు కదా?” అన్నాడు వ్యాను డ్రైవరు అమాయకంగా.

ఆయన లేచి చొక్కా సర్దుకున్నారు. “సరే, సరే. తరుగు ఉంటుందని గోడమీద బోర్డు రాయిస్తాలే. పెద్దవాణ్ణి, ఏదో అన్నాను. మనసులో పెట్టుకోక వెళ్ళి పని చూసుకో.”

అంతవరకు పట్టి ఉంచిన కోపం ఆమెకు అప్పుడు కట్టలు తెంచుకుంది.

“బోర్డు ఐసుకు, సార్. మరి నాకో? గదిలోకి పిలిచి అన్నారా దొంగని? నా సంచి వీళ్ళందరి ముందు బోర్లించారు. ఆ మాట కూడా వీళ్ళందరి ముందే వెనక్కి తీసుకోండి. అంతదాకా నేను కదలను.”

ఆయన గోడవైపు తిరిగి ఏదో గొణిగారు.

“వినపడలేదు సార్, వెనకున్నాం,” అన్నాడు డ్రైవరు.

మేనేజరుగారి చెవులు ఎర్రబడ్డాయి. “ఈ అమ్మాయి దొంగ కాదు. తెలుసుకోకుండా నింద వేసినవాణ్ణి నేను. క్షమించాలి.”

ఆమె ‘ఫర్వాలేదు సార్’ అంటుందని అందరూ అలవాటుగా ఎదురుచూశారు. ఆమె అనలేదు. స్వెట్టరు మడతపెట్టి సంచిలో సర్దుకుంది. మందపాటి గ్లౌజులు తొడుక్కుని, వ్యానుకు వేళవుతోందని, నమూనాల చుట్టూ ఐసు పేర్చడం మొదలుపెట్టింది.