పదిహేను ఆంపియర్ల ప్రాణం

నేను ఒక ఫ్యూజ్‌ని. కారు ఫ్యూజ్‌ని. నీలం రంగు, వేలిగోరంత ఒళ్ళు, రెండు కాళ్ళు, మధ్యలో సన్నని తీగ. కరెంటు హద్దు మీరితే ఆ తీగ తెగి నేను చావాలి, బండి బతకాలి. ఫ్యాక్టరీలో మాకు నేర్పిన చదువు ఇంతే. ఇలాంటి ఉద్యోగానికి మనుషులెవరూ అప్లికేషను పెట్టరు కాబట్టి మమ్మల్ని తయారుచేసుకున్నారు.

కాకినాడలో ఆటో ఎలక్ట్రీషియన్ నూకరాజు కొట్లో, మేకుకి వేలాడే అట్ట మీద ఏడాది గడిపాను. అక్కణ్ణుంచి సాంబమూర్తి గారి పాత కార్లోకి వచ్చిపడ్డాను. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. కాలవకి ఎక్కడ గండి పడింది, నీళ్ళు ఎటు పోతున్నాయి అని ముప్ఫై ఏళ్ళుగా ఫైళ్ళు రాస్తున్నారు. ఆ కారుకి ఆయన మూడో యజమాని. తిప్పితే అరిగిపోతుందని శుక్రవారం మాత్రమే బయటికి తీస్తారు. మిగతా రోజులు స్కూటరు మీద తిరుగుతూ కారు గురించి మాట్లాడతారు.

నాకు ముందున్న ఫ్యూజు ముసలితనంతో పోయింది. బండి నడిరోడ్డు మీద ఆగింది. కొత్త ఫ్యూజు, అంటే నన్ను, వేస్తే సరిపోయేది. కానీ ఆ ముందురోజే తోడల్లుడు వచ్చి, "అన్నయ్యగారూ, ఇది ఇంకా నడుస్తోందా?" అని అడిగి వెళ్ళాడు. దిష్టి ఖాయమైపోయింది. తర్వాతి శుక్రవారం నుంచి సాంబమూర్తి గారు బానెట్ ఎత్తి, కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు స్వహస్తాలతో ఇంజను మీద పోయడం మొదలుపెట్టారు. అందరూ కాయ చక్రం ముందు కొడతారు. జబ్బు లోపలుంటే పూజ బయట దేనికని ఆయన వాదన.

ఇంజను వెనకాల, నా పెట్టె కింద, టేపు ఊడిన వైర్ల అతుకు ఒకటుంది. కొబ్బరినీళ్ళు సరిగ్గా అక్కడికి దిగుతాయి. భానుగుడి జంక్షన్ చేరేలోపు నేను పోతాను. సాయంత్రం నూకరాజు వచ్చేసరికి అంతా ఆరిపోయి ఉంటుంది.

"ఎక్కడా ఎర్త్ అవ్వట్లేదండి, కరెంటు బాడీకి తగలట్లేదు. బండిని ఏవన్నా కెలికేరేంటండి?"

"ఏమీ లేదయ్యా. పూజ చేస్తాను, అంతే."

"పూజేగదండి," అని నూకరాజు పరీక్షకి తెచ్చిన బల్బూ వైరూ సర్దుకున్నాడు.

వారానికో కాయ కాస్తా రెండయింది. ప్రతిసారీ కొత్త ఫ్యూజు దండగని, సాంబమూర్తి గారు పాత టేబుల్ ఫ్యాను వైర్లోంచి ఒక పోగు లాగి నా కాళ్ళకి చుట్టారు. బతికాను. మళ్ళీ శుక్రవారం చచ్చాను. మళ్ళీ చుట్టారు. చావడానికి పుట్టినవాణ్ణి, చావడం కూడా సరిగ్గా రానివాడిలా అయిపోయాను.

అప్పుడే తోడల్లుడిగారి గృహప్రవేశం వచ్చింది. పిఠాపురంలో, అదీ శుక్రవారమే. సాంబమూర్తి గారి భార్య విశాలాక్షి గారు బుధవారం నాడే చెప్పేశారు.

"ఏవండీ, మా చెల్లెలింటికి వెళ్తూ దార్లో ఆగిందంటే, ఆ బండి అట్నుంచటే పాత ఇనప కొట్టుకి."

"ఆగదు. నేను చూసుకుంటాగా."

చూసుకున్నారు. ఆరు పోగులు కలిపి మెలిపెట్టి నాకు బిగించారు. ఇక నేను చావను. నేను చావకపోతే వైర్లు కాలాలి. ఆ వైర్లు పెట్రోలు గొట్టాన్ని ఆనుకునే వెళ్తాయి. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా లాభం లేదు, ఆయన మంత్రాల్లో ఉన్నారు.

ఆ పొద్దున్న మూడు కాయలు కొట్టారు. హారతి ఇస్తూ, లోపల పట్టుచీరలో కూర్చున్న విశాలాక్షి గారిని తాళం తిప్పమన్నారు. ఆవిడ తిప్పారు. నా ఒళ్ళు ఒక పక్క కరగడం మొదలైంది.

"ఏవండీ, పొగ."

"కర్పూరంలే."

"కర్పూరం రబ్బరు వాసన రాదు," అని ఆవిడ తాళం తీసేసి కిందికి దిగారు. పొగ ఆగింది. పక్క వీధిలోంచి నూకరాజుని పిలిపించారు. అతను తడి ఆరకముందే రావడం ఇదే మొదటిసారి.

"ఈ తడేంటండి?"

"కొబ్బరినీళ్ళు."

"ఎన్నాళ్ళబట్టి పోత్తన్నారండి?"

"జబ్బు మొదలైనప్పట్నుంచీ."

నూకరాజు నన్ను పీకి, ఆరు పోగుల్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "ఆ నీళ్ళేనండి జబ్బు," అన్నాడు మెల్లగా.

"జిల్లాలో గండ్లన్నీ ఈయనే పూడుస్తారు," అన్నారు విశాలాక్షి గారు.

అతుకు తుడిచి, టేపు చుట్టి, కొత్త ఫ్యూజు వేశాడు. ముహూర్తానికి పది నిమిషాల ముందే పిఠాపురం చేరారు. నన్ను సాంబమూర్తి గారు చొక్కా జేబులో వేసుకున్నారు కాబట్టి విన్నాను. తోడల్లుడు, "దార్లో ఆగలేదా?" అని అడిగాడు.

"అన్ని కాయలు ఊరికే పోతాయా," అన్నారు సాంబమూర్తి గారు.

ఇప్పుడు నేను వాళ్ళ దేవుడి గూట్లో ఉంటున్నాను, సగం కరిగిన ఒంటికి కుంకుమ బొట్టుతో. కారు తాళం విశాలాక్షి గారి కొంగుకి ఉంటోంది. కాయ పట్టుకుని కారు ఛాయలకి రాకూడదని ఆర్డరు. ఈ శుక్రవారం సాంబమూర్తి గారు నాకు దణ్ణం పెట్టుకుని, చేతిలో కాయతో వీధిలోకి వెళ్ళారు. స్కూటరు పక్కనుండే ఇంజను మూత తీసిన చప్పుడైంది. కాయ పగిలిన చప్పుడైంది. ఆ తర్వాత కిక్కు కొడుతున్న చప్పుడు.

ఇంకా కొడుతూనే ఉన్నారు.