గంగులు తాత సాకెట్లు

శ్రీకాకుళం దాటి ఎచ్చెర్ల వైపు పోయే దారిలో ఆ రోజుల్లో నరసింగరావు గారి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. పేరుకే ఫ్యాక్టరీ. ఒక రేకుల షెడ్డు, అందులో ఉప్పునీళ్ళ తొట్టి, తొట్టిలో వరసగా దింపిన ఇనప డబ్బాలు, ఓ మూల తెల్లదొరల కాలంలో సీమ నుంచి వచ్చిన కంప్రెసరు మిషను. ఎండాకాలం మధ్యాహ్నం షెడ్డు తలుపు తీస్తే తెల్లటి పొగ నేల మీద పాకుతూ వచ్చి కాళ్ళకు చుట్టుకునేది. రోడ్డున పోయే ఎడ్లు కూడా అక్కడ ఆగి ముక్కులెత్తి ఆ చల్లదనాన్ని పీల్చుకునేవి.

ఆ మిషను చూసుకునేవాడు కూర్మయ్య. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టినవాడు. వాళ్ళింట అందరూ చేపల వేటకు వెళ్ళేవాళ్ళే. పదహారేళ్ళప్పుడు చేపల గంపలతో శ్రీకాకుళం వచ్చి, ఆ షెడ్డులో ఐసు దిమ్మ ఒకటి చూశాడు. దిమ్మ లోపల సన్నని తెల్లటి గీతలు, గాలి బుడగలు, ఎక్కడో లోతున ఆగిపోయిన వెలుగు. దాని మీద చెయ్యి పెట్టి, చెయ్యి తిమ్మిరెక్కేదాకా తియ్యలేదు. మళ్ళీ పడవెక్కలేదు. మొదట దిమ్మలు మోశాడు, తర్వాత మిషనుకు నూనె పోశాడు, ఆ తర్వాత దాని చప్పుడులో ఏ తేడా వచ్చినా నిద్రలోంచి లేచేంతగా దానికి అలవాటుపడ్డాడు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మిషను చప్పుడు మారింది. లోపల వాల్వు పలక విరిగిందని కూర్మయ్యకు అర్థమైంది. మార్చడానికి పలక ఇంకోటి షెడ్డులోనే ఉంది, కానీ దాన్ని వేయాలంటే పై మూత విప్పాలి. మూతకు ఆరు బోల్టులు. వాటి తలలు పైకి కనపడవు, వేలెడు లోతు గుంటల్లో దాక్కుని ఉంటాయి. ఒక్కొక్క తల నడుమ ఆరు మూలల రంధ్రం. మామూలు స్పానర్లు వాటికి పనికిరావు. ఆ రంధ్రంలో దూరే ఆరుపలకల వంకర కడ్డీ, ఎలన్‌కీ, ఉంది కానీ దాని పొట్టి కొస లోపలికి అందదు, పొడుగు కొస దింపితే పైన పట్టుకోవడానికి బెత్తెడు కూడా మిగలదు. అసలే వదులుగా ఉన్న బోల్టు ఒకటి ఎలాగో వచ్చింది. రెండోదాని దగ్గర కీ జారింది. దీపం పెట్టి చూస్తే రంధ్రం మూలలు కాస్త అరిగి మెరుస్తున్నాయి. ఇంకోసారి జారితే ఆ బోల్టు ఇక ఈ జన్మకు రాదు. పనిముట్లు కింద పెట్టేశాడు.

కావలసింది ఆరుపలకల ముక్క బిగించిన సాకెట్టు. ఆ ముక్క గుంటలోకి దిగాలి, పైన పొడుగాటి హ్యాండిలు తగిలించి రెండు చేతులా లాగాలి. నరసింగరావు గారు అంతా విని, తనకు వీలైనంత డబ్బు ఇచ్చి, ఇంతకు మించి లేదన్నారు. దీంతో కాకపోతే మిషనును పాత ఇనుముకు వేసేస్తానని కూడా అన్నారు. ఆయన కోపంతో అనలేదు. అందుకే కూర్మయ్యకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్ళాడు. ఊడివచ్చిన బోల్టును పంచె మొలలో దోపుకున్నాడు. గంటస్తంభం దగ్గర ఇనప సామాన్ల కొట్టు నడిపే నారాయణమూర్తి ఒక పెట్టె తెచ్చి బల్ల మీద తెరిచాడు. లోపల ఎర్ర మఖమలు. మఖమల్లో చిన్న నుంచి పెద్ద దాకా పడుకోబెట్టిన సాకెట్లు, ఒక్కోదాని కొసన ఒక్కో ఆరుపలకల ముక్క, వెండిలా తళతళా. కూర్మయ్యకు వీధి గోల వినపడడం మానేసింది. ఆ పెట్టె తన షెడ్డులో గూట్లో ఉన్నట్టు, తలుపు సందులోంచి పొద్దుటి ఎండ దాని మీద పడ్డట్టు, తను ఏ ముక్క కావాలంటే ఆ ముక్క చూడకుండానే తీస్తున్నట్టు అనిపించింది. ధర అడిగాడు. తెచ్చిన డబ్బుకు సరిపోతుంది.

బోల్టు తీసి దాని రంధ్రంలో ఒక్కో ముక్కా పెట్టి చూశాడు. ఒక ముక్క దూరలేదు. దానికన్నా ఒక సైజు చిన్నది దూరింది కానీ, తిప్పితే లోపల లొడలొడలాడింది. ఇంకోటి, ఇంకోటి. ఏదీ కుదురుగా కూర్చోలేదు. నారాయణమూర్తి బోల్టు తీసుకుని కొలిచి, అది అంగుళాల కాలం నాటిదని, ఇప్పుడొచ్చే సెట్లన్నీ మిల్లీమీటర్లవని చెప్పాడు. అంగుళాల సెట్టు మద్రాసు నుంచి తెప్పించాలి, దాని ధర ఈ డబ్బుకు మూడింతలు. చూస్తూ చూస్తూ పనికిరానిది అంటగట్టలేనని ఆయనే పెట్టె మూసేశాడు. కూర్మయ్యకు మాత్రం ఆ మూత ఇంకా తెరిచే ఉన్నట్టుంది. తిరుగు రైల్లో కిటికీ బయట జీడితోటలు, తాటిచెట్లు వెనక్కి పోతుంటే వాటి మధ్య ఎర్రగా, వెండిగా ఏదో మెరుస్తూనే వచ్చింది. ఒక దశలో, కొద్దిగా లొడలొడలాడితే ఏమైంది, జాగ్రత్తగా తిప్పితే సరిపోదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

భార్య లక్ష్మణమ్మ చేపలమ్ముతుంది. ఐసు ఆగిన దగ్గర్నుంచి తెచ్చిన సరుకు మధ్యాహ్నానికే పాడైపోతోంది. మొగుడు చెప్పిందంతా విని, కళింగపట్నంలో తన అమ్మమ్మ వీధిలో గంగులు తాత ఉన్నాడని గుర్తుచేసింది. కలకత్తా ఓడల మీద ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి. సీమ పనిముట్లు ఏవో ఆయన దగ్గర ఉండేవని చిన్నప్పుడు విన్నదట. మర్నాడు తెల్లవారుజామునే ఇద్దరూ కలిసి బస్సెక్కారు.

కళింగపట్నం చేరేసరికి వంశధార సముద్రంలో కలిసే చోట మంచు ఇంకా విడలేదు. నది ఏదో, సముద్రం ఏదో, ఆకాశం ఏదో తెలియడం లేదు. పడవలు నీళ్ళ మీద కాక గాలిలో కట్టేసినట్టున్నాయి. ఆ తెలుపులో ఒక ఇంటి అరుగు మీద గంగులు తాత కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. ఆ కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది.

లక్ష్మణమ్మ ఫలానావారి మనవరాలినని చెప్పుకుంది. కూర్మయ్య మిషను సంగతంతా చెప్పాడు. తాత ఆ బోల్టు చేతిలోకి తీసుకుని దాన్ని కాసేపు అలాగే ఉంచుకున్నాడు, పొదిగే గుడ్డును పట్టుకున్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళి నూనె మరకల కేన్వాసు చుట్ట ఒకటి తెచ్చి విప్పాడు. నల్లబడిన పన్నెండు సాకెట్లు. మెరుపు లేదు, మఖమలు లేదు. కొన్నింటి మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి. కూర్మయ్య ముఖం వాడిపోవడం తాత చూశాడు.

"ఏటి, తెల్లగా లేవనా?" అన్నాడు.

కూర్మయ్య సిగ్గుపడి, విజయనగరంలో చూసిన పెట్టె గురించి చెప్పేశాడు. తాత నవ్వలేదు. ఓడలో ఉన్నప్పుడు తనూ అలాంటి పెట్టె ఒకటి కొన్నానని, దానిలో ముక్కలు మెత్తటి ఇనుమువని, మూడో నెలకే మూలలన్నీ గుండ్రంగా అయిపోయాయని చెప్పాడు. ఒక్కో ముక్కా కూర్మయ్య చేతికిచ్చి, ఎలా చూడాలో చూపించాడు. వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఆరు అంచులూ గీత గీసినట్టు రావాలి. ముక్క సాకెట్టులో గట్టిగా దిగి ఉండాలి, వేలితో కదిపితే కదలకూడదు. కొత్త ఆకురాయి తెచ్చి అంచు మీద గీయమన్నాడు. ఆకురాయి పట్టకుండా గాజు మీద జారినట్టు జారిపోయింది. చివరికి బోల్టు రంధ్రంలో పెట్టమన్నాడు. ముక్క చిన్న చప్పుడు కూడా లేకుండా అడుగుదాకా దిగింది. తలకిందులు చేసినా బోల్టు వెంటనే కింద పడలేదు, ఆలోచించుకున్నట్టు ఒక క్షణం ఆగి, మెల్లగా జారి అతని అరచేతిలో పడింది.

కూర్మయ్య బోల్టును మళ్ళీ ఆ ముక్కకే తగిలించి చూశాడు.

లక్ష్మణమ్మ చుట్ట మొత్తానికి ఎంతని అడిగింది. తాత చెప్పిన ధరకు వాళ్ళ దగ్గరున్నది చాలదు. ఆమె తెచ్చినదెంతో దాచకుండా చెప్పింది. అప్పుడు తాత, మిషను మీద ఎన్ని సైజుల బోల్టులున్నాయని కూర్మయ్యను అడిగాడు. మూడే.

"మరి పన్నెండు ఎందుకురా నీకు? ఆ మూడూ పట్టికెళ్ళు. హ్యాండిలు పట్టికెళ్ళు. మిగతావి నా కాడే ఉంటాయి."

ముసలాయన ఆ మూడింటినీ వేరు చేసి, చుట్టలో వాటి ఖాళీ జేబులు తడిమి చూసుకున్నాడు. డబ్బు తీసుకున్నాడు. తీసుకున్నాక కూడా హ్యాండిలును వదల్లేదు.

"నేనూ వస్తాను," అన్నాడు. "శానా కాలం బిగుసుకున్న బోల్టు వొదిలినప్పుడు ఒక సప్పుడు వస్తాది. అది ఇని ఎన్నేళ్ళయిందో. ఈ సెయ్యి ఇలాగయ్యాక ఎవుడూ పిలవలేదు."

లక్ష్మణమ్మ అప్పటికే లేచి, ఆయన చెప్పులు అరుగు కింద ఎక్కడున్నాయో చూస్తోంది.

షెడ్డులో పని మొదలుపెట్టే ముందు తాత మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని ఒంటికి అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. గంగాళం నిండా నీళ్ళు, తడిగుడ్డలు పక్కన పెట్టించి, మిషనులోని ఘాటు అమ్మోనియా గ్యాసు మొత్తం పోయిందా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత గుంటల్లో కిరసనాయిలు పోయించి, ఆ పూటంతా కదపొద్దన్నాడు. కూర్మయ్యకు తొందర. తాతకు లేదు. వేపచెట్టు నీడలో మంచం వేస్తే పడుకుని, నిద్రపట్టకముందు మాటల్లో మాటగా రంగూను గురించి, అక్కడి రేవులో వాన పడే తీరు గురించి చెప్పాడు. అక్కడ ఒక ఓడ అడుగున, నీటికి దిగువన, ఇంజను పక్కన నిలబడి పని చేస్తుంటే పైన వాన పడుతున్నట్టు కిందకు తెలిసేదట, ఇనుము వేరేగా మోగేదట. కూర్మయ్య వింటూ వింటూ నేల మీదే నిద్రపోయాడు. కలలో ఐసు డబ్బాలన్నీ రేవులో తేలుతున్నాయి, వాటి మీద వాన.

మర్నాడు పొద్దున నాలుగు బోల్టులు తేలికగా వచ్చాయి. ముక్క దిగడం, హ్యాండిలు లాగడం, టక్కుమనే చప్పుడు. ఒక్కో చప్పుడుకూ తాత కళ్ళు మూసుకున్నాడు. మిగిలింది కీ జారి మూలలు అరిగిన బోల్టు. ముక్కను దింపి, సుత్తితో దాని నెత్తిన నాలుగు దెబ్బలు వేయమన్నాడు తాత. ముక్క ఇంకాస్త లోపలికి కూర్చుంది.

"నువ్వు లాగు, తాతా," అన్నాడు కూర్మయ్య.

తాత తన కుడిచేతిని చూసుకున్నాడు. హ్యాండిలు కొస పట్టుకున్నాడు. చెయ్యి వణికింది, దానితోపాటు హ్యాండిలూ వణికింది. కూర్మయ్య సాకెట్టును రెండు చేతులతో బిగించి, నిట్టనిలువుగా, పక్కకు ఒరగకుండా పట్టుకున్నాడు. లక్ష్మణమ్మ వచ్చి తాత చెయ్యి మీద తన చెయ్యి వేసింది. తర్వాత తాత తన బరువంతా వెనక్కి వేశాడు.

ముందు ఏమీ కాలేదు. ఆ తర్వాత లోపలెక్కడో, ఎండిన కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. హ్యాండిలు కదిలింది. తాత హ్యాండిలు వదలకుండా, అలాగే వంగి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. ఆయన పళ్ళు లేని నవ్వు చూసి లక్ష్మణమ్మకు ఏడుపొచ్చింది.

పలక మార్చడం, మూత బిగించడం, మళ్ళీ గ్యాసు పట్టించడం, వీటికి ఇంకొన్ని రోజులు పట్టాయి. తాత వెళ్ళలేదు. వాళ్ళింట్లోనే గంజి తాగుతూ, మిషను తిరిగేదాకా ఉంటానన్నాడు. తిరిగిన రోజు నరసింగరావు గారు వచ్చి, నిలబడి దాని చప్పుడు విని, తాత భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. మొదటి దిమ్మ తొట్టిలోంచి పైకి లేచినప్పుడు పొగ షెడ్డంతా నిండింది. తాత ఆ పొగలోకి నడిచి, కాసేపు ఎవరికీ కనపడలేదు.

కళింగపట్నం తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు, ఒక ఐసు ముక్క. తన వీధిలో ఆడవాళ్ళు చాలామంది దాన్ని చూడలేదట. కూర్మయ్య పెద్ద ముక్క కొట్టి, ఊకలో పొర్లించి, గోనెలో చుట్టి తనే వెంట వెళ్ళాడు. బస్సు దారంతా గోనె కిందనుంచి నీళ్ళు కారాయి. పక్కన కూర్చున్నవాళ్ళు కాళ్ళు తడుస్తున్నాయని అన్నారే కానీ, కాళ్ళు తీయలేదు. బస్సు దిగేసరికి కొబ్బరికాయంత మిగిలింది. వీధి మలుపు తిరిగేసరికి చిప్పంత.

అరుగు మీద కూర్చుని తాత గోనె విప్పాడు. జగ్గమ్మ అనే ముసలామె మొదట చెయ్యి చాపి, వెంటనే లాగేసుకుని, మళ్ళీ చాపింది. ఆమె నుంచి కోడలి చేతికి, కోడలి నుంచి పక్కింటివాళ్ళ చేతికి ఆ ముక్క తిరిగింది. ఎవరూ ఎక్కువసేపు ఉంచుకోలేకపోయారు, ఎవరూ త్వరగా ఇచ్చెయ్యలేకపోయారు. ఒకామె దాన్ని కంటికి ఆనించుకుని సముద్రం వైపు చూసి, అంతా వంకరగా, నీలంగా ఉందని చెప్పింది. చివరికి అది కూర్మయ్య దగ్గరికి వచ్చినప్పుడు చింతగింజంత ఉంది. అతను దాన్ని గంగులు తాత అరచేతిలో పెట్టాడు. వణికే అరచేతిలో అది ఇటూ అటూ జారుతూ, జారుతూనే కరిగిపోయింది.