ఎల్లాజీ చూసిన చెయ్యి

చీడికాడ ఊళ్ళో బెల్లం గానుగ దగ్గర స్విచ్చి ఎల్లాజీది, రోలర్లలో చెరకు పెట్టడం అతని పెళ్ళాం అప్పాయమ్మది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. చెరకు గెడ ఇరుక్కుంటే అతను మోటారు ఆపుతాడు. ఆమె పిప్పి లాగేసి, రెండడుగులు వెనక్కి వేసి, కుడిచెయ్యి ఎత్తుతుంది. ఆ చెయ్యి కనపడందే స్విచ్చి వెయ్యకూడదన్నది ఎల్లాజీ పెట్టిన కట్టడే.

స్విచ్చి దగ్గర ఎల్లాజీకి మారుమనిషిగా ఉండే చిన్నబాబు ఈ ఏడు కంపెనీ పనికి పోయాడు. నరికిన చెరకు మన కోసం ఆగదు. మూడు రోజులు ఎల్లాజీ కునుకు తియ్యలేదు. ఒక పూట గానుగ ఆపితే కొంపలేం మునిగిపోయేవి కావు గానీ, మొండివాడికి చెప్పేదెవరు? నాలుగో రోజు మధ్యాహ్నం గెడ ఇరుక్కుంది. మోటారు ఆపాడు. అప్పాయమ్మ వెనక్కి వచ్చింది, చెయ్యి ఎత్తింది. ఎల్లాజీ చూశాడు, స్విచ్చి వేశాడు.

అప్పుడు కేక వినపడింది. ఆమె ఇంకా రోలర్ల మీదే వంగి ఉంది.

అనకాపల్లి ఆసుపత్రిలో ఆమె కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. పిప్పి ఎండబెడుతూ అంతా చూసిన కూతురు ధనశ్రీ, అమ్మ చెయ్యెత్తనే లేదని చెప్పి, తండ్రితో మాటలు మానేసింది. ఎల్లాజీ మాత్రం కనపడిన ప్రతివాడి ముందూ ఒట్టేశాడు, కళ్ళారా చూశానని.

డాక్టరు త్రినాధరావు అతన్ని కసురుకోలేదు. నిద్రలేని మెదడు ఎదురుగా ఉన్నదాన్ని సరిగ్గా చూడదని, రోజూ జరిగేదే ఇప్పుడూ జరుగుతుందని ముందే అనేసుకుని, దాన్నే కళ్ళకు కట్టిస్తుందని చెప్పాడు. పైగా మనం పడుకున్నాక ఆ సంగతుల్నే మళ్ళీ తిప్పుకుని గట్టిపరుచుకుంటుందట. అందులో నిజమెంతో, అబద్ధమెంతో దానికి పట్టదట. ఎల్లాజీకి ఒళ్ళు మండింది. తన కళ్ళ సంగతి తనకంటే ఈయనకెక్కువ తెలుసా? చెబితే అప్పాయమ్మే చెప్పాలి.

రెండో రోజు ఆమెకు తెలివొచ్చింది. ఎల్లాజీ మంచం పక్కన కూర్చుని అడిగాడు.

“నువ్వు సెయ్యెత్తేవు కదే?”

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

“ఎత్తేను. ఇంకో పిప్పి ముక్క ఉండిపోనాదని మల్లీ వంగేను. తప్పు నాదే.”

ఎల్లాజీ ఏడ్చేశాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. మంచం పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కళ్ళు మూశాడో లేదో, తల్లీకూతుళ్ళ గుసగుస చెవిన పడింది. అబద్ధం ఎందుకాడావని ధనశ్రీ నిలదీస్తోంది.

“నిజం సెప్తే మీ అయ్య బతకడే,” అంది అప్పాయమ్మ. “నువ్వూ ఎక్కడా అనకు.”

ఎల్లాజీ కదల్లేదు. ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ తలుచుకున్నాడు. ఇంత తెలిశాక కూడా ఆమె వెనక్కి వస్తూనే ఉంది, చెయ్యి ఎత్తుతూనే ఉంది. అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది. అంతలో రెప్పలు బరువెక్కాయి.

గబుక్కున లేచి కూర్చున్నాడు. ఎన్నాళ్ళైంది నిద్రపోయి, కాసేపు నడుం వాల్చమని అప్పాయమ్మ బతిమాలింది. తల అడ్డంగా ఊపి, గోడకు చేరగిలబడి, తొడ గిల్లుకుంటూ ఉండిపోయాడు. ఇప్పుడు నిద్రపోతే, డాక్టరు చెప్పినట్టు ఆ ఎత్తిన చెయ్యే మెదడులో గట్టిపడి, తను మళ్ళీ ఏ పాపమూ ఎరగనివాడై లేస్తాడని అతని భయం.